బేత్లెహేములో బొడ్డు కోసిందెవరు?

నర్సు ఉద్యోగం నుంచి రిటైరైన వాళ్ళకు వినయంగా మాట్లాడే అలవాటు ఒకటి ఉంది. "మాదేముంది, డాక్టర్ల చలవ, దేవుడి దయ" అంటారు. నాకు ఆ అలవాటు అబ్బలేదు. సర్వీసులో ఎక్కువ భాగం పురిటి గదిలోనే గడిపాను. డాక్టర్ల చలవ ఎంతో, దేవుడి దయ ఎంతో, నా కష్టం ఎంతో నాకు విడివిడిగా తెలుసు. ఇప్పుడు నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలూ, మీకు చెప్పబోయేది వినయం లేని ముచ్చట. నచ్చకపోతే మీ సిలబస్ పుస్తకం మీకు ఉండనే ఉంది.

తొంభైల నడుమ నేను పలమనేరు వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. చిత్తూరు ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి మొదటి ఏడాదంతా అక్కడి చలికి యూనిఫారం మీద స్వెట్టర్ వదల్లేదు. ఆసుపత్రి మొత్తానికి ఒక్కరే డాక్టరమ్మ. వేలూరు వైపు మనిషి. తెలుగు చక్కగానే మాట్లాడేది, కోపం వస్తే మాత్రం తమిళంలోకి దిగేది. ఆమె తమిళంలోకి దిగిందంటే మేమంతా గోడలకు అతుక్కుపోయేవాళ్ళం.

ఆమెకు అంత కోపం తెప్పించే విషయం ఒకటే. పల్లెల్లో కాన్పయిన కొన్ని రోజులకు ఒళ్ళు కాలిపోతూ, కడుపు ఉబ్బి, వాసన వేస్తూ వచ్చే బాలింతలు. చాలామందికి కాన్పు బాగానే జరిగి ఉండేది, బిడ్డ కూడా బాగానే ఉండేది. కానీ బిడ్డ ఎంత దూరం దిగిందో చూడటానికి మంత్రసాని మాటిమాటికీ చెయ్యి లోపల పెట్టి ఉండేది. పేడ ఎత్తిన చెయ్యి, సంగటి కెలికిన చెయ్యి, ఆముదం రాసుకున్న చెయ్యి. కొందరిని బతికించుకున్నాం. కొందరిని తెల్లగుడ్డ కప్పి, వచ్చిన బండిలోనే వెనక్కి పంపాం.

"మంత్రసానులను పిలిచి మనమే నేర్పిద్దాం" అంది డాక్టరమ్మ ఒకనాడు. "నువ్వే చెయ్యి. నీకు నోరుంది." మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో ఇప్పటికీ నాకు తేలలేదు.

సంత రోజు పెట్టుకున్నాం. ఎట్లాగూ సంతకు వస్తారు, వచ్చినవాళ్ళు టీ కోసమైనా ఇటు వస్తారని మా ఎత్తు. ఆసుపత్రి ప్రార్థన మందిరం వరండాలో చాపలు పరిచాం. మంత్రసానులు వచ్చారు. కులాలు వేరు, దేవుళ్ళు వేరు, పని ఒకటే. నేను గోడకు రంగుల చార్టు తగిలించి, కోడిగుడ్లంత లావున గీసిన క్రిములను పుల్లతో చూపించి, "ఇవి మీ చేతుల్లో ఉంటాయి, కంటికి కనపడవు" అన్నాను.

ముందు వరసలో ఒక ముసలామె లేచింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరిని కదిలించినా నా బొడ్డు ఆమే కోసింది అనేవాళ్ళు. మిగతా మంత్రసానులందరికీ ఆమె పెద్ద దిక్కు.

"ఏమ్మే నర్సమ్మా, నా సేతిలో పురుగులుండాయంటావా? ఈ సెయ్యి మంచిదని ఆ పక్క కర్నాటకం నుంచి కూడా వచ్చి పిల్సుకపోతారు. ఈ సేతిలోకి వచ్చిన బిడ్డలు ఇప్పుడు బిడ్డల్ని కనినారు."

"నీ ఒక్కదాని చెయ్యి అనలేదవ్వా. అందరి చేతుల్లో ఉంటాయి. నా చేతిలోనూ ఉంటాయి."

"అట్లయితే పోయి నీ సెయ్యి కడుక్కో పో."

ఆమె గంప నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది. వెనకే తక్కినవాళ్ళూ దిగారు. వరండాలో నేనూ, చార్టులోని క్రిములూ మిగిలాం.

నాకు అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది. మా వైపు మంత్రసానిని తెలివి చూసి పిలవరు, చెయ్యి చూసి పిలుస్తారు. 'మంచి చెయ్యి' అన్న పేరే ఆమె ఆస్తి. పుస్తకాల్లో హస్తవాసి అంటారు. నేను ఆమెకు పరిశుభ్రత చెబుతున్నాననుకున్నాను. ఆమె మాత్రం నలుగురి మధ్య నేను ఆమె పేరు తీశానని విన్నది. ఇద్దరం తెలుగే మాట్లాడుకున్నాం మరి.

ఇళ్ళకు వెళ్ళి బతిమాలితే మళ్ళీ రావడం మొదలుపెట్టారు. వచ్చి టీ తాగేవాళ్ళు, బన్ను కొంగులో కట్టుకునేవాళ్ళు, నేను చెప్పేది మర్యాదగా వినకుండా కూర్చునేవాళ్ళు. పెద్ద మంత్రసాని అయితే నాకు వీపు చూపించి కూర్చునేది. క్రిముల గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడిగింది లేదు. వార్డులోకి వాసన వేసే బాలింతలు రావడమూ ఆగలేదు.

డిసెంబరు వచ్చింది. ప్రార్థన మందిరంలో క్రిస్మస్ పశువుల పాక కడుతున్నారు. కట్టేది మా ఆసుపత్రి కమిటీ పెద్ద. పాల వ్యాపారం ఆయనది. పల్లెల్లో పాలు పట్టుకుని వ్యాన్‌లో డెయిరీకి తోలేవాడు. ఆదివారం బడిలో పిల్లలకు చెప్పీ చెప్పీ బైబిలంతా నోటికి వచ్చిన మనిషి. గడ్డి పరిచి, మరియమ్మను, యోసేపును, గొర్రెల కాపరులను, ముగ్గురు జ్ఞానులను, ఎద్దును, గాడిదను వరసగా పెడుతున్నాడు. మంత్రసానులు చాపల మీంచి లేచి తలుపు దగ్గర గుమిగూడారు. పెద్ద మంత్రసాని ఒక్కొక్క బొమ్మనే చూసి అడిగింది.

"అంతా బాగుండాది గానీ, కాన్పు సేసినామె యాడప్పా?"

"అట్లా ఎవురూ లేరవ్వా" అన్నాడు పెద్దాయన. "బైబిల్లో రాయలేదు. ఆమే కని, ఆమే పొత్తిగుడ్డల్లో చుట్టి, ఆమే పండబెట్టింది."

"తొలిచూలా?"

"తొలిచూలే."

"తొలిచూలు పిల్ల తన బొడ్డు తానే కోసుకునిందా? ఆ మొగోడు ఏం సేస్తా ఉండాడు? ఊరు గాని ఊరే అయితే మాత్రం, ఊరన్నాక ఒక మంత్రసాని ఉండదా? గొర్లోళ్ళకు కబురు పోయింది, యాడనో ఉండే ఈ దొరలకు కబురు పోయింది. మంత్రసానికి పోలేదా?"

మిగతావాళ్ళు అవునవునన్నారు. పెద్దాయన ముఖం ముడుచుకుని, "రాయనిది మనం అడగకూడదు" అని గాడిదను సర్దుకున్నాడు. కానీ ఆ రోజంతా వరండాలో అదే చర్చ. మాయ ఎప్పుడు పడింది, నీళ్ళు ఎవరు కాచారు, అన్నిటికీ మించి బొడ్డు ఎవరు కోశారు. నా శిక్షణలో నోరు విప్పని ఆడవాళ్ళు మరియమ్మ కాన్పు గురించి పోట్లాడుకుంటున్నారు.

ఆ ప్రశ్నను నేను ఆసుపత్రి అయ్యగారి దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన రోగుల మంచాల పక్కన కూర్చుని ప్రార్థన చేసే పాస్టరు. బెంగళూరులో దైవశాస్త్రం చదివాడు, ఉబ్బసం మనిషి, నవ్వితే దగ్గు వచ్చేది. అయినా నవ్వడం మానేవాడు కాదు.

"ఆ అవ్వ అడిగింది కొత్త ప్రశ్న కాదు సిస్టరమ్మా" అన్నాడు. "సువార్తలు రాసిన తర్వాత కొన్ని తరాలకు జనం అదే అడిగినారు. సువార్తల్లో పుట్టుక గురించి ఉండేది నాలుగు మాటలే గదా. మిగిలింది తెలుసుకోవాలని వాళ్ళకు ఆశ. భక్తులు కథలు రాసుకున్నారు. మన బైబిల్లోకి వాటిని చేర్చలేదు. కానీ ఒక కథలో మంత్రసాని ఉండాది. ఒకరు కాదు, ఇద్దరు."

ఆ కథ ఆయన చెప్పినట్టే క్లుప్తంగా చెబుతాను. నొప్పులు వస్తే యోసేపు మరియమ్మను ఒక గుహలో కూర్చోబెట్టి మంత్రసాని కోసం పరుగెత్తాడు. ఆ సమయాన లోకమంతా ఒక్క క్షణం ఆగిపోయింది. ఎగిరే పక్షి ఎగిరినచోటే, నోటి దాకా ముద్ద ఎత్తిన కూలివాడి చెయ్యి ఎత్తినచోటే. యోసేపుకు ఒక మంత్రసాని దొరికింది. ఆమె వచ్చేసరికి గుహ నిండా వెలుగు, వెలుగులో బిడ్డ. ఆమె బయటికి వచ్చి, దారిలో ఎదురైన ఇంకో మంత్రసానికి "కన్య బిడ్డను కనింది" అని చెప్పింది. రెండో ఆమె నమ్మలేదు. నా చేత్తో చూస్తే గాని నమ్మనంది. లోపలికి పోయి చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి అక్కడికక్కడే మంట పుట్టి పనికిరాకుండా పోయింది. ఆమె ఏడ్చింది. బిడ్డను ఎత్తుకో అని దేవదూత చెప్పాడు. ఎత్తుకుంది. చెయ్యి మళ్ళీ వచ్చింది.

చెయ్యి లోపల పెట్టకూడదని నేను నెలల తరబడి గొంతు చించుకుంటున్నాను. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఎవరో పుణ్యాత్ముడు దాన్ని కథగా రాసి పెట్టాడు.

"అట్లాంటివి ఇంకా ఉన్నాయా అయ్యగారూ?"

"నిండా ఉండాయి. చిన్న యేసు మట్టితో పిచ్చుకలు చేసి చప్పట్లు కొడితే అవి ఎగిరిపోయినాయంట. ఇంకోచోట తనను తోసిన పిల్లోడిని నోటి మాటతో చంపినాడంట."

"అట్లాంటి పిల్లవాడు మా వీధిలో ఉంటే మేము ఇల్లు మారేవాళ్ళం."

ఆయనకు నవ్వొచ్చింది, నవ్వు వెంట దగ్గొచ్చింది. "అందుకే అన్నీ నోట్లో వేసుకునేవి కాదు. మంత్రసాని కథ చెప్పుకో. బైబిల్లో లేదని ముందు చెప్పు, కడాన ఇంకోసారి చెప్పు. ఆ రెండు మాటలు మర్చిపోతే మాత్రం చెప్పొద్దు."

తర్వాతి సంత రోజున చార్టు తీసేశాను. "ఇది బైబిల్లో లేదు, తర్వాతి వాళ్ళు చెప్పుకున్న కథ" అని మొదలుపెట్టాను. చెయ్యి పోయిన చోటుకు వచ్చేసరికి అందరూ టీ గ్లాసులు కింద పెట్టేశారు. నాకు వీపు చూపించి కూర్చునే పెద్ద మంత్రసాని నెమ్మదిగా ఇటు తిరిగింది.

"ఏ సెయ్యి? కుడి సెయ్యా?"

"రాయలేదవ్వా."

"కుడిదే అయ్యుంటాది. మొదుటామె సెయ్యి పెట్టలేదు గదా? ఆమెకేమీ కాలేదు."

"కాలేదు."

"రెండో ఆమె కడుక్కోకుండా పెట్టింది. అదీ సంగతి."

"కడుక్కోలేదని రాయలేదవ్వా. నమ్మలేదని రాశారు."

"రాయకపోతే ఏమి? బయట నుంచి వచ్చింది. దోవలో నిలబడి మాట్లాడింది. నేరుగా పోయి పెట్టింది. మద్దిలో యాడ కడుక్కునింది, నువ్వే సెప్పు."

కథ రాసిన మహానుభావుడు అపనమ్మకం గురించి, కన్యత్వం గురించి రాశాడు. మా వాళ్ళు సబ్బు గురించి విన్నారు. అయ్యగారు చెప్పమన్న అర్థం కూడా చెప్పాను. తలూపారు. తలూపి మళ్ళీ చెయ్యి దగ్గరికే వచ్చారు. వాళ్ళకు చెయ్యి పోవడం కంటే తిరిగి రావడం ఎక్కువ నచ్చింది. "బిడ్డనెత్తుకుంటే సెయ్యి వచ్చిందా! ఇంగేమి, పని సేసుకునే సేతిని దేముడు తీసేస్తాడా?" అని ఒకామె కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ చేతిని తిట్టకుండా వాళ్ళ చేతి గురించి మాట్లాడిన మొదటి కథ అది.

ఆ పైవారం పెద్ద మంత్రసాని అడిగిన ప్రశ్న కోసం నేను నెలల తరబడి కాచుకుని ఉన్నాను.

"సెయ్యి పెట్టకుండా బిడ్డ యాడికి వచ్చిందో ఎట్లా తెల్సుకునేది నర్సమ్మా?"

ఇక నేర్పించడం మొదలైంది. కడుపు మీద చేతులు ఆనించి తల ఎటుందో చూడటం, సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకోవడం, కొత్త బ్లేడు, కాచిన దారం. తల కాకుండా కాలో చెయ్యో ముందు వస్తే తోయకుండా, లాగకుండా ఆసుపత్రికి తీసుకురావడం. దాన్ని మాత్రం ప్రతి సంతకూ చెప్పించేదాన్ని. వానలు వచ్చేసరికి వార్డులో వాసన తగ్గింది. లెక్కలు చెప్పను. అక్కడ పనిచేసిన ముక్కుకు తెలుస్తుంది.

చిక్కు అప్పుడే వచ్చింది. మంత్రసానులు ఈ కథను పల్లె పల్లెకూ మోసుకుపోయారు. ఒక పల్లెలో ఆదివారం ప్రార్థన కూటంలో ఒక ఆడమనిషి లేచి, మరియమ్మకు చెయ్యి పెట్టిన మంత్రసాని చెయ్యి ఎండిపోయిందని బైబిల్లో రాసి ఉందంటూ సాక్ష్యం చెప్పింది. ఆ కూటంలో మా కమిటీ పెద్ద కూర్చుని ఉన్నాడు.

మర్నాడు ఆయన పురిటి గది తలుపు దాకా వచ్చాడు.

"సిస్టరమ్మా, నువ్వు మంచి పని చేస్తా ఉండావు, నేను కాదనలేదు. కానీ దేవుని వాక్యానికి మనం ఒక్క మాట చేర్చినా తప్పే. ఈ దినం నువ్వు మంచికని చేరిస్తే, రేపు ఇంకోడు ఇంకోదానికని చేరుస్తాడు. చదువు రాని వాళ్ళకు ఏది వాక్యమో ఏది కతో యాడ తెలస్తుంది?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన చెప్పింది సబబుగా ఉండటం వల్ల ఇంకా మండింది. "నేను ముందే చెబుతున్నానయ్యా బైబిల్లో లేదని" అన్నాను.

"నువ్వు చెప్తావు. వాళ్ళు చెప్తా ఉండారా?"

ఇది బైబిల్లో లేదని మొదట ఒకసారి, కడాన ఒకసారి చెప్పాలని ఆ వారమే మంత్రసానులతో వల్లె వేయించాను. అయినా కమిటీ కూర్చోవాలని నిర్ణయమైంది. కథ ఆపడం ఒక్కటే కాదు, మంత్రసానుల శిక్షణే ఎత్తేసి నన్ను సత్యవేడు వైపు మరో ఆసుపత్రికి పంపాలని మాట నడుస్తున్నట్టు డాక్టరమ్మ చెప్పింది. బదిలీకి నేను భయపడలేదు. వరండాకు తాళం పడితే మళ్ళీ ఆ బాలింతలు వస్తారు. దానికి భయపడ్డాను.

కమిటీ ముందుకు వచ్చి చెప్పమని పెద్ద మంత్రసానిని అడిగాను. "వస్తా పో" అంది. కమిటీ రోజు పొద్దున్నే ప్రార్థన మందిరంలో కుర్చీలు వేశారు. అందరూ వచ్చారు. ఆమె రాలేదు. నా తరఫున మాట్లాడటానికి ఉబ్బసం అయ్యగారు ఒక్కరే మిగిలారు.

ఆయన మెల్లగా లేచాడు. "మన పశువుల పాకలో ఎద్దు, గాడిద ఉండాయి గదా. అవి సువార్తల్లో యాడ ఉండాయి? తొట్టి అని రాసినారు గానీ ఎద్దు అని రాయలేదు. జ్ఞానులు ముగ్గురని కూడా రాయలేదు. అవన్నీ తర్వాతి వాళ్ళు చెప్పుకున్నవే. ఏటేటా మనమే గడ్డి పరిచి పెడతా ఉండాం."

అందరూ కమిటీ పెద్ద వైపు చూశారు. ఆయన తడబడలేదు.

"నిజమే అయ్యగారూ. కానీ ఎద్దును చూసి లేచి, ఇది బైబిల్లో ఉండాదని సాక్ష్యం చెప్పినోళ్ళు ఎవురూ లేరు. ఈ కతకు చెప్పినారు. నా బాధ అది."

అయ్యగారు కూర్చున్నారు. ఇక ఓటుకు చేతులెత్తమనడమే తరువాయి. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర వ్యాన్ హారన్ ఆగకుండా మోగింది.

కిటికీ లోంచి చూసి కమిటీ పెద్ద ఉలిక్కిపడ్డాడు. అది ఆయన పాల వ్యానే. డెయిరీలో ఉండాల్సిన వేళలో ఆసుపత్రిలోకి వస్తోంది. యాక్సిడెంటనుకుని పరుగెత్తాడు. వెనక నేను, నా వెనక డాక్టరమ్మ.

వ్యాన్‌లో ఒక్క పాల క్యానూ లేదు. గోనె బోరెం పరిచి, దాని మీద ఒక నిండు గర్భిణిని పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని పెద్ద మంత్రసాని కూర్చుని ఉంది.

"పాలు యాడరా?" అన్నాడు పెద్దాయన డ్రైవర్‌తో.

"రోడ్డు పక్కన దించేసినా సామీ. ఈ యమ్మ వ్యాన్‌కు అడ్డం నిలబడింది. దించకపోతే కదలనీయనన్నింది."

"సెయ్యి వచ్చింది సిస్టరమ్మా" అంది ముసలామె నన్ను చూసి. "బిడ్డ సెయ్యి."

మీకు ఇప్పుడు స్కానింగులు ఉన్నాయి కాబట్టి ఆ మాట వింటే మాకు ఎట్లా ఉండేదో తెలియదు. బిడ్డ అడ్డం తిరిగితే తల బదులు చెయ్యి బయటికి వస్తుంది. దాన్ని పట్టుకుని లాగితే తల్లి గర్భసంచి చిరిగిపోతుంది. అట్లా లాగిన తర్వాత తెచ్చిన వాళ్ళనే అంతకుముందు చూశాం. ఒక్కరినీ నిలబెట్టలేకపోయాం.

డాక్టరమ్మ కప్పిన గుడ్డ తీసి చూసింది. చిన్న చెయ్యి, ఉబ్బి, నీలంగా ఉంది. "లాగినారా?"

"లేదు తల్లీ. సబ్బుతో కడుక్కుని గుడ్డ కప్పినా. అంతే."

"నల్ల వేళై" అంది డాక్టరమ్మ. మన అదృష్టం బాగుందని దానికి అర్థం. కోపం లేకుండా ఆమె తమిళం మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

ఆపరేషన్ గదిలో నేను పక్కన నిలబడ్డాను. ఆడపిల్ల. తీయగానే ఏడవలేదు. కాళ్ళు పట్టి, వీపు రుద్ది, నోట్లో నీరు తీశాక ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే డాక్టరమ్మ మాస్కు వెనక కళ్ళు నవ్వాయి. తల్లి బతికింది. బిడ్డ చేతి వాపు రోజులు గడిచే కొద్దీ తీసి, మామూలు రంగుకు వచ్చింది. ఆ చేతి వేళ్ళు నా వేలు పట్టుకున్నప్పుడు నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

నేను బయటికి వచ్చేసరికి వరండాలో కమిటీ అంతా నిలబడి ఉంది. పెద్ద మంత్రసాని మెట్ల మీద కూర్చుని ఆకు వక్క నములుతోంది. కమిటీ పెద్ద ఆమె ఎదురుగా వచ్చాడు.

"వాళ్ళింట్లో లాగమని చెప్పలేదా అవ్వా?"

"సెప్పకేమి? లాగు లాగు అని అంతా మింద పడినారు. అత్తగారయితే నా సెయ్యి పట్టుకుని లోపలికి తోస్తా ఉండాది. ఎంత సెప్పినా ఇనలేదు. ఇంగ ఆ బేత్లెహేమామె కత సెప్పినా. సెయ్యి పోయిందని సెప్పినా. అంతే, అందురూ నిలబడిపోయినారు. ఆ అత్తగారు సెయ్యి ఇడిసిపెట్టేసింది. ఆ సందులో రోడ్డు మిందికి పరిగెత్తినా."

"ఆ కత బైబిల్లో ఉండాదని చెప్పినావా?"

అయ్యగారు తల వంచుకున్నారు.

ముసలామె నమలడం ఆపి, నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. "లేదనే సెప్పినా సామీ. మొదుట సెప్పమనింది సిస్టరమ్మ, కడాన సెప్పమనింది. ఆ తొందర్లో మొదుట సెప్పేది మర్సిపోయినా. వ్యాన్ కదిలినాక అత్తగారికి కేకేసి సెప్పినా."

"ఏమని?"

"'అది బైబిల్లో లేదంటమ్మో, ఊరికే కతే' అని."

ముందు నవ్వింది అయ్యగారు. తర్వాత కమిటీ పెద్ద కూడా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వుకే తుడుచుకున్నాడో దేనికో నేను అడగలేదు. "సిస్టరమ్మా, శిక్షణ నడిపించు. బైబిల్లో లేదని వీళ్ళూ చెప్తా ఉండారు" అన్నాడు. ఆ తర్వాత ఎవరినీ చేతులెత్తమనలేదు. నా బదిలీ మాట మళ్ళీ వినపడలేదు.

ఆ ఏడాది క్రిస్మస్ నాటకంలో మంత్రసానిని కూడా పెట్టాలని ఆ ఆడవాళ్ళంతా పట్టుబట్టారు. నాటకం నడిపేది కూడా కమిటీ పెద్దే. చాలా రోజులు కుదరదన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "మనిషి ఉండచ్చు. మాట ఉండకూడదు. రాయని మనిషికి మాట యాడి నుంచి తెచ్చేది? యోసేపు పిలుస్తాడు, ఆమె వస్తాది, తెర వెనక్కి పోతాది. అంతే."

పెద్ద మంత్రసాని సరేనంది. "మా ఇంట్లో దేముడు వేరే గానీ, కాన్పు కాన్పే గదా" అంది.

నాటకం సాయంత్రం జరిగింది. ప్రార్థన మందిరం కిటకిటలాడింది. ముందు చాపల మీద మంత్రసానులు, వెనక బెంచీల మీద మేము. తెర వెనక మరియమ్మ మూలిగింది. యోసేపు పరుగెత్తి వెళ్ళి ముసలామెను పిలుచుకొచ్చాడు. ఆమె వేదిక మధ్యకు వచ్చింది. తెర వైపు పోలేదు. తనే తెచ్చుకున్న చెంబు, సబ్బు కింద పెట్టి కూర్చుని, చీర కొంగు దోపుకుని, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.

మాట్లాడకూడదన్నారు గాని, కడుక్కోకూడదని ఎవరూ అనలేదు. వేళ్ళ సందులు రుద్దింది. గోళ్ళ కింద రుద్దింది. మోచేతుల దాకా రుద్దింది. యోసేపు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. దేవదూతలు రెక్కలతో నిలబడ్డారు. పక్క నుంచి కమిటీ పెద్ద "చాలు, లోపలికి పో అవ్వా" అని గుసగుసలాడటం అందరికీ వినపడింది. ఆమె చెంబెత్తి, నీళ్ళు పోసుకుని, మళ్ళీ మొదటి నుంచి రుద్దింది. మొదట పిల్లలు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ముందు చాపల మీద మంత్రసానులు ఒకరి తర్వాత ఒకరు తమ చేతులు తిప్పి చూసుకుంటున్నారు.

అప్పుడామె లేచి, నీళ్ళు కారుతున్న రెండు చేతులూ ఎత్తి పట్టుకుని, దేనికీ తగలనీయకుండా, భుజంతో తెర తోసుకుని లోపలికి పోయింది. లోపల బిడ్డ ఏడ్చింది.

వెనక బెంచీలో నేను నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ప్రార్థనకు లేచాననుకుని నా పక్కవాళ్ళు లేచారు. వాళ్ళను చూసి ముందువాళ్ళు లేచారు. కాసేపటికి మందిరమంతా ఆ తెర వైపు తిరిగి, తలలు వంచుకుని నిలబడి ఉంది.